హ్యావ్: అర్థం పలచబడిన చోట ధ్వని కూడా అరిగే క్రియ

‘ఐ హ్యావ్ టూ బుక్స్’ అంటే నా దగ్గర రెండు పుస్తకాలున్నాయని అర్థం. ‘ఐ హ్యావ్ టు గో’ అంటే నేను వెళ్ళాలని అర్థం. రెండు వాక్యాల్లోనూ హ్యావ్ అనే క్రియను ఇంగ్లీషులో అవే నాలుగు అక్షరాలతో రాస్తారు. రెండు చోట్లా దాని వెంటనే వచ్చేది ‘ట’ ధ్వనే. అయినా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు మామూలు వేగంతో మాట్లాడుతున్నప్పుడు శ్రద్ధగా వింటే, మొదటి వాక్యంలో ‘హ్యావ్’ అనీ, రెండో వాక్యంలో ‘హ్యాఫ్’ అనీ వినిపిస్తుంది. పక్కనున్న ధ్వని రెండింటిలోనూ ఒకటే కాబట్టి, ఈ తేడాను పక్క ధ్వని ఒక్కదానికే ఆపాదించడం కుదరదు. తేడా అర్థంలో ఉంది. మొదటి హ్యావ్‌కు సొంత అర్థం ఉంది: ఒక వస్తువు ఒకరిదై ఉండటం. రెండో హ్యావ్ ఆ అర్థాన్ని వదిలిపెట్టి, ‘గో’ అనే మరో క్రియకు ‘తప్పనిసరి’ అన్న ఛాయను మాత్రం అందిస్తోంది.

ఇంగ్లీషులో ‘బీ’ తరువాత అత్యధికంగా వాడుకలో ఉండే క్రియల్లో హ్యావ్ ఒకటి. మన పాఠ్యపుస్తకాల్లో దాని అర్థాలు ఒక పట్టికలో, ఉచ్చారణ మరో పట్టికలో ఉంటాయి, చాలాసార్లు ఉచ్చారణ పట్టిక అసలే ఉండదు. ఈ రెండింటినీ విడదీస్తే క్రియ స్వభావం చేతికి చిక్కదు. అర్థం బరువుగా ఉన్న చోట హ్యావ్ నిండుగా పలుకుతుంది, అర్థం పలచబడేకొద్దీ ధ్వని అరుగుతుంది, అర్థం వ్యాకరణ గుర్తుగా మాత్రమే మిగిలిన చోట ధ్వని ఒక్క హల్లుకు కుదించుకుపోతుంది, ఒక్కోసారి అదీ మిగలదు.

మొదట ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. ప్రాచీన ఇంగ్లీషులో దీని రూపం ‘హబ్బన్’. నేటి జర్మన్ భాషలోని ‘హాబెన్’ దీనికి తోబుట్టువు. రెండింటికీ వెనుక, పట్టుకోవడం, చేజిక్కించుకోవడం అనే అర్థమున్న ‘కప్’ అనే ఇండో-యూరోపియన్ ధాతువు (ఇంగ్లీషు, లాటిన్ వంటి భాషల ఉమ్మడి పూర్వభాషలోని మూలరూపం) ఉందని భాషా చరిత్రకారులు చెబుతారు. ఆ ధాతువునుంచే లాటిన్‌లో ‘కాపెరె’ అనే క్రియ పుట్టింది. క్యాప్చర్, క్యాప్టివ్ వంటి మాటలు ఆ దారిలో తరువాతి కాలంలో ఇంగ్లీషులోకి వచ్చాయి. లాటిన్ ‘క’ ఉన్న చోట ఇంగ్లీషులో ‘హ’ కనిపించడం వింత కాదు. లాటిన్ ‘కెంటుమ్’కు ఇంగ్లీషులో ‘హండ్రెడ్’, ‘కానిస్’కు ‘హౌండ్’ సాటి వస్తాయి. ఈ క్రమాన్ని జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించాడు. అందువల్ల లాటిన్‌లో సరిగ్గా హ్యావ్ అర్థాన్నే ఇచ్చే ‘హాబెరె’ అనే క్రియ, రూపంలో ఎంత దగ్గరగా అనిపించినా, హ్యావ్‌కు చుట్టం కాదు. చుట్టమే అయి ఉంటే లాటిన్ మాట ‘క’తో మొదలవ్వాలి. హాబెరెకు అసలు బంధువుగా ఇంగ్లీషులోని ‘గివ్’ను చెబుతారు.

చేత్తో పట్టుకోవడం నుంచి సొంతం కావడానికి అడుగు చిన్నదే. పట్టుకున్నది చేతిలో ఉంటుంది, చేతిలో ఉన్నది తనదవుతుంది. అయితే ప్రపంచంలోని భాషలన్నీ సొంతదనాన్ని ఇలా ఒక పనికి ముడిపెట్టలేదు. ఫ్రెంచి భాషావేత్త ఎమిల్ బెన్వెనిస్త్ 1960లో ప్రచురించిన ఒక వ్యాసంలో, హ్యావ్ వంటి క్రియ ఉన్న భాషలకన్నా ‘ఫలానావారికి ఉంది’ అనే పద్ధతిలో చెప్పే భాషలే ఎక్కువని గుర్తించి, హ్యావ్ అనేది ఆ ‘ఉంది’ని తిరగేసిన రూపమని వాదించాడు. తెలుగు ఆ రెండో జట్టులోది. తెలుగులో ఉన్న వస్తువే కర్త, అది ఎవరిదో ఆ మనిషిని చెప్పే మాటకు విభక్తి ప్రత్యయం తగులుతుంది. అంతే కాదు, ఏ విభక్తి తగలాలన్నది సంబంధాన్ని బట్టి మారుతుంది. నాకు ఇద్దరు అక్కలున్నారు, నా దగ్గర వంద రూపాయలున్నాయి, ఆమెకు జ్వరం వచ్చింది, అతనిలో ఓర్పు ఉంది, ఇంటికి రెండు తలుపులున్నాయి. ఇన్నింటినీ ఇంగ్లీషు ఒక్క హ్యావ్‌తో సర్దేస్తుంది. అక్కల విషయంలో ‘నా దగ్గర’ అనలేము. చేతిలో ఉన్న వంద రూపాయలకు ‘నాకు’ అంటే మాట అతకదు. బంధుత్వానికి, చేతిలోని సొమ్ముకు, గుణానికి తెలుగు గీసిన గీతలు హ్యావ్‌లో లేవు. బడిలో దీనికి తెలుగు అర్థంగా ‘కలిగి ఉండు’ అని చెప్పడం అందుకే అంతగా ఉపయోగపడదు. ‘నేను ఇద్దరు అక్కలను కలిగి ఉన్నాను’ అని ఏ తెలుగింట్లోనూ అనరు.

భారతీయుల ఇంగ్లీషులో తరచుగా వినిపించే ‘ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్’ అనే వాక్యాన్ని ఇక్కడ పరిశీలించాలి. ఇది తెలుగువాళ్ళకే పరిమితమైన వాడుక కాదు, దేశంలో చాలాచోట్ల ఉంది. దీన్ని తప్పు అని కొట్టిపారేసే ఉపాధ్యాయులు, అది ఎందుకు అతకదో చెప్పడం అరుదు. హ్యావ్‌కు ‘ఇంగ్’ చేరడం అసాధ్యమేమీ కాదు. ‘వియ్ ఆర్ హ్యావింగ్ లంచ్’ అంటే మేము భోంచేస్తున్నామని. ‘దే ఆర్ హ్యావింగ్ ఏ మీటింగ్’ అంటే వాళ్ళు సమావేశంలో ఉన్నారని. ఈ రెండింటిలోనూ హ్యావ్ ఒక పనినో సంఘటననో చెబుతోంది, దానికి మొదలు, చివర ఉన్నాయి. అక్కలుండటం పని కాదు, స్థితి. అంటే ‘ఇంగ్’ అనే ప్రత్యయం, ఎదురుగా ఉన్నది ఏ హ్యావ్ అన్నది తేల్చే పరీక్షలా పనికొస్తుంది. తెలుగులో ‘చదువుతున్నాను’ అన్నప్పుడూ, ‘ఇద్దరు అక్కలున్నారు’ అన్నప్పుడూ ఒకే ‘ఉండు’ ధాతువు పలుకుతుంది కాబట్టి, మన వాళ్ళకు ఈ గీత చెవిన పడకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

సొంతదనం నుంచి ఈ క్రియ ఎంత దూరం ప్రయాణించిందో చూపడానికి ఒక జత వాక్యాలు చాలు. ‘షీ హ్యాడ్ హర్ హెయిర్ కట్’ అన్నది మొదటిది. ‘షీ హ్యాడ్ కట్ హర్ హెయిర్’ అన్నది రెండోది. ఒకే అయిదు మాటలు, ‘కట్’ స్థానం మాత్రమే మారింది. మొదటి వాక్యంలో ఆమె వేరొకరి చేత జుట్టు కత్తిరించుకుంది. తెలుగులో ‘కత్తిరింపించుకుంది’ లేదా మామూలుగా ‘కటింగ్ చేయించుకుంది’ అంటాం. ‘ఇంచు’ అన్నది ఇతరుల చేత పని జరిపించడాన్నీ, ‘కొను’ అన్నది ఆ ఫలం తనకే చెందడాన్నీ చెబితే, ఇంగ్లీషులో ఆ రెండు పనులూ ఒక్క ‘హ్యాడ్’ చేస్తోంది. రెండో వాక్యంలో కత్తెర పట్టింది ఆమే. అక్కడ ‘హ్యాడ్’ చెప్పేది ఆ పని అంతకు ముందే అయిపోయిందన్న కాలసూచన మాత్రమే. ఇప్పుడు ఈ రెండింటినీ వేగంగా పలికి చూడాలి. రెండోదాన్ని ‘షీడ్ కట్ హర్ హెయిర్’ అని కుదించవచ్చు, ఇంగ్లీషువాళ్ళు చాలాసార్లు అలాగే అంటారు. మొదటిదాన్ని ‘షీడ్ హర్ హెయిర్ కట్’ అని ఎవరూ అనరు. పని చేయించిన ‘హ్యాడ్’కు బరువుంది కాబట్టి అది ‘హ’ను వదులుకోదు. కాలాన్ని సూచించే ‘హ్యాడ్’కు ఆ బరువు లేదు కాబట్టి ఒక్క ‘డ్’గా మిగిలి పక్క మాటకు అతుక్కుంటుంది.

ఈ జత మరో విషయాన్ని కూడా చూపిస్తుంది. నేటి ఇంగ్లీషులో జరిగిపోయిన పనిని చెప్పే ‘హ్యావ్ రిటెన్’, ‘హ్యావ్ సీన్’ వంటి రూపాలన్నీ ఒకప్పుడు మొదటి వాక్యంలాంటి నిర్మాణం నుంచే పుట్టాయి. ప్రాచీన దశలో ‘నా దగ్గర రాసిన ఉత్తరం ఉంది’ అన్న భావంతో, ఉత్తరాన్ని హ్యావ్‌కు కర్మగా, ‘రాసిన’ను ఉత్తరానికి విశేషణంగా పెట్టి చెప్పేవాళ్ళు. ఆ విశేషణానికి కొన్నిసార్లు కర్మకు తగిన ప్రత్యయం కూడా చేరేది. రాసిన ఉత్తరం తన దగ్గర ఉన్నవాడు చాలాసార్లు దాన్ని రాసినవాడే అయి ఉంటాడు. ఆ ఊహ బలపడేకొద్దీ ‘ఉంది’ అన్న అర్థం వెనక్కి పోయి, ‘రాశాడు’ అన్న అర్థం ముందుకొచ్చింది. ‘రాసిన’ అన్న మాట ఉత్తరాన్ని వదిలి హ్యావ్ పక్కకు చేరింది. తెలుగులో ‘ఉత్తరం రాసి ఉంచాను’, ‘ఉత్తరం రాసి పెట్టాను’ అన్నప్పుడు ఉంచు, పెట్టు అన్న క్రియలు కొంతవరకు ఇదే దారిలో ఉన్నాయి. ఉత్తరాన్ని ఏ బల్ల మీదా పెట్టకపోయినా ‘రాసి పెట్టాను’ అనవచ్చు.

కదలికను, మార్పును చెప్పే క్రియలకు మాత్రం ఇంగ్లీషు చాలాకాలం హ్యావ్‌ను కాక ‘బీ’ని వాడింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ‘హీ ఈజ్ రిజన్’ అని ఉంటుంది. ఇవాళైతే ‘హీ హ్యాజ్ రిజన్’ అనాలి. తెలుగు ‘లేచి ఉన్నాడు’, ‘వచ్చి ఉన్నాడు’ అనే నిర్మాణాలు ఆ పాత ఇంగ్లీషుకు దగ్గర. పందొమ్మిదో శతాబ్దం నాటికి హ్యావ్ ఈ చోటును కూడా దాదాపు పూర్తిగా ఆక్రమించింది. ‘హీ ఈజ్ గాన్’ అన్న వాడుక మాత్రం ఇంకా బతికే ఉంది, దాని సంగతి కింద వస్తుంది.

ఇక ధ్వని చరిత్ర. ప్రాచీన ఇంగ్లీషులో దీని భూతకాల రూపం ‘హ్యావ్‌డె’ లాగా, ప్రథమపురుష ఏకవచనం ‘హ్యావ్‌థ్’ లాగా ఉండేవి. అవి మధ్యయుగంలో లోపలి ‘వ్’ను పోగొట్టుకుని ‘హడ్డె’, ‘హత్’ అయ్యాయి. ‘డె’ చివరి అచ్చు ఊడి నేటి ‘హ్యాడ్’ వచ్చింది. ‘హత్’ స్థానంలోకి ఉత్తరాది మాండలికాల్లోని ‘స్’ ప్రత్యయం దిగి ‘హ్యాజ్’ వచ్చింది. లవ్, లివ్, గివ్ వంటి క్రియలు లవ్డ్, లివ్స్, గివ్స్ అన్నప్పుడు ‘వ్’ను భద్రంగా నిలుపుకుంటే, హ్యావ్ ఒక్కటే ‘హ్యావ్డ్’, ‘హ్యావ్స్’ కాకుండా మధ్య హల్లును పారేసుకుంది. రోజంతా నలిగే మాటకే ఆ గతి పట్టింది, అప్పుడప్పుడు వాడే మాటకు కాదు. ఈ కోత అయిదారు వందల ఏళ్ళ కిందటే పూర్తయింది కాబట్టి లిపిలోకి ఎక్కింది. ఆ తరువాత జరిగిన కోతలు లిపిలోకి ఎక్కలేదు.

అచ్చు విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. గేవ్, సేవ్, కేవ్, బ్రేవ్, షేవ్ అన్నింట్లోనూ ‘ఏ’ పలుకుతుంటే, అదే వరసలో రాసే హ్యావ్ మాత్రం హ్రస్వంగా ఉంటుంది. ఒకప్పుడు దీనికీ దీర్ఘం ఉండేది. ఆ దీర్ఘానికి సాక్ష్యం ‘బిహేవ్’ అన్న మాట: హ్యావ్ ముందు ‘బి’ చేర్చి, ‘తనను తాను ఫలానా తీరులో ఉంచుకోవడం’ అన్న అర్థంలో దాన్ని పదిహేనో శతాబ్దంలో వాడుకలోకి తెచ్చారు. బిహేవ్‌లో ఊనిక, అంటే నొక్కి పలకడం, ‘హేవ్’ మీదే పడుతుంది కాబట్టి దీర్ఘం నిలిచింది. విడిగా ఉన్న హ్యావ్ ఎక్కువసార్లు ఊనిక లేకుండా పలికేది కాబట్టి హ్రస్వం గెలిచింది. చివర కనిపించే, పలకని ‘ఇ’ అక్షరం కూడా దీర్ఘానికి గుర్తు కాదు. ఇంగ్లీషు వర్ణక్రమం మాటను ‘వి’ అక్షరంతో ముగించడానికి ఒప్పుకోదు, అందుకే గివ్, లివ్, లవ్ చివర కూడా ఆ ‘ఇ’ వచ్చి కూర్చుంటుంది.

నేటి మాట్లాడే భాషలో హ్యావ్‌కు కనీసం నాలుగు మెట్లున్నాయి. ఊనిక ఉన్నప్పుడు నిండైన ‘హ్యావ్’. ఊనిక తగ్గితే అచ్చు రంగు కోల్పోయి, నోరు సగం తెరిచి పలికే అస్పష్టమైన అకారంతో ‘హవ్’. ఇంకా తగ్గితే ‘హ’ కూడా పోయి ‘అవ్’. సర్వనామం పక్కన చేరితే ఒక్క ‘వ్’: ఐవ్, యూవ్, వీవ్, దేవ్. ‘హ’ పోవడం హ్యావ్‌కే ప్రత్యేకం కాదు. హిమ్, హిజ్, హర్ వంటి చిన్న మాటలన్నీ వాక్యం మధ్యలో ఊనిక లేకుండా వస్తే ‘హ’ను వదిలేస్తాయి. వాక్యం మొదట్లో ఉంటే మాత్రం అది నిలుస్తుంది.

‘హ్యాజ్’ అరిగిన తీరు ఇంకా ముచ్చటైనది. ‘జాన్ హ్యాజ్ గాన్’ అన్నది ‘జాన్జ్ గాన్’ అవుతుంది. ‘జాక్ హ్యాజ్ గాన్’ అన్నది ‘జాక్స్ గాన్’ అవుతుంది, ఎందుకంటే ‘క్’ పరుషం, దాని పక్కన ఘోషం (గొంతులోని కంపనం) పోయి ‘స్’ మిగులుతుంది. ‘ద బస్ హ్యాజ్ గాన్’ అన్నప్పుడు ముందే ‘స్’ ఉంది కాబట్టి మరో ‘స్’ అంటుకోలేదు. మధ్యలో అచ్చు నిలబడి ‘బసజ్’ లాగా వినిపిస్తుంది. డాగ్స్, క్యాట్స్, బసెస్ అనే బహువచనాల్లో పనిచేసే సూత్రం సరిగ్గా ఇదే. బహువచన ప్రత్యయానికీ, ‘హ్యాజ్’కూ చరిత్రలో ఏ సంబంధమూ లేదు. అయినా ఒక స్వతంత్రమైన క్రియ అరిగి అరిగి ఒక ప్రత్యయంలాగే ప్రవర్తించడం మొదలుపెట్టింది.

ఇంత అరిగితే అర్థం చెడదా అన్న ప్రశ్న సహజం. కొంత చెడుతుంది. ‘హీజ్’ అన్నది ‘హీ ఈజ్’ కావచ్చు, ‘హీ హ్యాజ్’ కావచ్చు. ‘ఐడ్’ అన్నది ‘ఐ హ్యాడ్’ కావచ్చు, ‘ఐ వుడ్’ కావచ్చు. సాధారణంగా తరువాతి మాట గుట్టు విప్పుతుంది. ‘హీజ్ ఈటింగ్’లో ఈజ్ తప్ప మరొకటి పట్టదు, ‘హీజ్ ఈటెన్’లో హ్యాజ్ ఉంది. ‘ఐడ్ గో’లో వుడ్, ‘ఐడ్ గాన్’లో హ్యాడ్. ‘హీజ్ గాన్’లో మాత్రం రెండూ పడతాయి: పాత ‘బీ’ నిర్మాణమూ బతికే ఉంది, కొత్త హ్యావ్ నిర్మాణమూ ఉంది. వినేవాళ్ళకు రెంటిలో ఏదైనా దాదాపు ఒకే అర్థం వస్తుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

కొన్ని చోట్ల మాత్రం హ్యావ్ అరగనే అరగదు. ‘హ్యావ్ యూ ఫినిష్డ్?’ అని అడిగితే ‘యెస్, ఐ హ్యావ్’ అనాలి. ‘యెస్, ఐవ్’ అని ఏ ఇంగ్లీషువాడూ అనడు. ఇక్కడ హ్యావ్‌కు సొంతదనం అన్న అర్థం లేదు, అది సహాయక క్రియే. అయినా అసలు క్రియ మాయమై, దాని బరువంతా హ్యావ్ మీద పడింది. వాక్యం చివర మిగిలిన మాట తన వెనుక ఉండాల్సిన మాటల లోటును కూడా మోయాలి. మొత్తం సూత్రాన్ని ఈ మినహాయింపే బలపరుస్తుంది, ఎందుకంటే ధ్వనిని నిలబెట్టేది నిఘంటువులోని అర్థం కాదు, ఆ వాక్యంలో ఆ మాట మోస్తున్న బరువు.

మొదట్లో ఎత్తుకున్న ‘హ్యావ్ టు’ సంగతి ఇప్పుడు తేల్చవచ్చు. ‘ఐ హ్యావ్ ఏ లెటర్ టు రైట్’, అంటే ‘రాయవలసిన ఉత్తరం ఒకటి నా దగ్గర ఉంది’ అన్న నిర్మాణంలో రాయవలసినది చేతిలో ఉందంటే రాయక తప్పదన్న సూచన ఉంది. ఆ సూచనే అసలు అర్థమై, ‘హ్యావ్ టు రైట్ ఏ లెటర్’ అని మాటలు పక్కపక్కకు జరిగాయి. ఒకసారి పక్కపక్కన స్థిరపడ్డాక రెండు మాటలు ఒకే మాటలా పలకడం మొదలైంది. ‘ట్’ పరుషం, దాని ముందున్న ‘వ్’ ఘోషం పోగొట్టుకుని ‘ఫ్’ అయింది, ‘టు’లోని ఉకారం నలిగి ‘హ్యాఫ్‌ట’ మిగిలింది. ‘హ్యాజ్ టు’ కూడా ఇలాగే ‘హ్యాస్‌ట’ అయింది. మన సరళాదేశ సంధిలో పరుషాలు సరళాలవుతాయి. ఇక్కడ నడక దానికి ఎదురుగా సాగింది. కానీ ఇంగ్లీషులో ఈ మార్పు రెండు వేర్వేరు మాటల మధ్య మామూలుగా జరగదు. ‘హ్యావ్ టూ బుక్స్’లో జరగకపోవడమే అందుకు రుజువు. ఒకే మాటగా అతికినప్పుడే జరుగుతుంది. ‘ద మనీ ఐ హ్యావ్ టు స్పెండ్’ అన్న పదబంధాన్ని ‘వ్’తో పలికితే ఖర్చుపెట్టుకోవడానికి నా దగ్గరున్న డబ్బు, ‘ఫ్’తో పలికితే ఖర్చుపెట్టక తప్పని డబ్బు. కాగితం మీద ఈ తేడా లేదు. మాటలో ఒక్క హల్లు దాన్ని తేల్చేస్తుంది. ‘యూజ్డ్ టు’ కూడా ఇలాంటిదే: అలవాటును చెప్పేటప్పుడు ‘యూస్ట’, వాడటాన్ని చెప్పేటప్పుడు ‘యూజ్డ్’.

తెలుగు చదువరికి ఇది కొత్త సంగతిలా అనిపించనక్కర్లేదు. ‘చేయవలయును’ అన్న గ్రాంథిక రూపంలోని ‘వలయు’ ఒకప్పుడు కావడం, అవసరపడటం అన్న అర్థమున్న సొంత క్రియ. అది ‘చేయవలెను’ అయి, నేడు ‘చేయాలి’గా మిగిలింది. రాయలసీమలో ‘చేయాల’ అనీ, తెలంగాణలో ‘చెయ్యాలె’ అనీ వినిపిస్తుంది. హ్యావ్ టు చెప్పే అర్థాన్నే చెప్పే క్రియ, హ్యావ్ టు నడిచిన దారిలోనే నడిచి, ఇంకా ముందుకెళ్ళి పూర్తిగా ప్రత్యయమైపోయింది. ‘చేస్తూ ఉన్నాను’ అన్నది ‘చేస్తున్నాను’ కావడమూ ఈ కోవలోదే. తేడా ఎక్కడుందంటే, గిడుగు రామమూర్తి (1863–1940) వంటివారి వ్యావహారిక భాషా ఉద్యమం ఫలించి, తెలుగులో అరిగిన రూపం అచ్చులోకి వచ్చింది. నేడు పత్రికలో ‘చేయాలి’ అని చదివి ‘చేయాలి’ అనే పలుకుతాం. ఇంగ్లీషులో అలాంటి సర్దుబాటు జరగలేదు. ‘హ్యాఫ్‌ట’ అని పలుకుతూనే పాత అక్షరాలను రాస్తున్నారు. తెలుగు విద్యార్థి ఇంగ్లీషును ఎక్కువగా కాగితం నుంచి నేర్చుకుంటాడు కాబట్టి, అరగని హ్యావ్ ఒక్కటే అతనికి తెలుసు.

‘షుడ్ హ్యావ్’ విషయంలో ఈ దూరం స్పష్టంగా బయటపడుతుంది. ‘ఐ షుడ్ హ్యావ్ టోల్డ్ యూ’, అంటే ‘నీకు చెప్పి ఉండాల్సింది’. ఇక్కడ హ్యావ్ దాదాపు ఎప్పుడూ ‘అవ్’ అనే పలుకుతుంది, తరువాత హల్లు వస్తే చాలామంది ఆ ‘వ్’ను కూడా వదిలేసి ‘షుడ టోల్డ్’ అంటారు. ఇంగ్లీషులో షష్ఠీ విభక్తి పని చేసే ‘ఆఫ్’ అన్న చిన్న మాట కూడా అసలు ఉచ్చారణలో ‘అవ్’. రెండూ ఒకేలా వినిపించడం వల్ల ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లలు, పెద్దలు కూడా ‘షుడ్ హ్యావ్’కు బదులు ‘షుడ్ ఆఫ్’ అని రాసేస్తుంటారు. తెలుగువాళ్ళు ఈ తప్పు దాదాపు చేయరు. మనం హ్యావ్‌ను నిండుగా పలుకుతాం, ‘ఆఫ్’ను ఫకారంతో పలుకుతాం, ఆ రెండూ మన చెవికి ఎక్కడా కలవవు. అంటే మన రాత శుద్ధంగా ఉండటానికి, వాళ్ళ మాట మనకు అందకపోవడానికి కారణం ఒకటే. హైదరాబాదులో అమెరికా ఖాతాదారులతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగికి ‘షుడ’, ‘వుడ’, ‘కుడన్టవ్’ అన్నవి అంతుపట్టకపోతే అది వ్యాకరణ జ్ఞానం లోపించడం వల్ల కాదు.

తెలుగు మాట నడక అక్షరాల లఘుగురువుల మీద ఆధారపడుతుంది. ప్రతి అక్షరానికీ దాని కొలత దానికి ఉంటుంది. ఊనిక లేని అక్షరాన్ని నలిపేయడం ఇంగ్లీషు నడక. కాబట్టి తెలుగువాళ్ళు హ్యావ్‌ను ప్రతిచోటా నిండుగా పలకడం తప్పు కాదు, వినేవాళ్ళకు అర్థం అవుతూనే ఉంటుంది. దాన్ని బలవంతంగా అరగదీసి పలకమని పిల్లలను వేధించనక్కర్లేదు. వినడం మాత్రం వేరు. అరిగిన రూపాలను గుర్తుపట్టే శిక్షణ బడిలోనే మొదలవ్వాలి, అదీ అర్థంతో కలిపి. ఏ హ్యావ్ అరుగుతుంది, ఏది అరగదు అన్న ఒక్క వివేకం ఏర్పడితే, విద్యార్థి వినబడని హ్యావ్‌ను కూడా ఉండాల్సిన చోట ఊహించగలుగుతాడు.

వినబడని హ్యావ్ అన్నది ఊరికే అన్న మాట కాదు. ‘యూ హ్యాడ్ బెటర్ గో’, అంటే ‘నువ్వు వెళ్ళడం మంచిది’ అన్న వాక్యం మొదట ‘యూడ్ బెటర్ గో’ అయింది, ఇప్పుడు చాలామంది నోట ‘యూ బెటర్ గో’గా మిగిలింది. ‘డ్’ తరువాత ‘బ్’ రావడంతో ఆ ‘డ్’ మింగుడుపడి, చివరికి ఎవరికీ వినబడకుండా పోయింది. ‘వియ్ హ్యావ్ గాట్ టు గో’ అన్నది ‘వీవ్ గాట్ టు గో’ అయి, అమెరికా వాడుకలో ‘వియ్ గాట గో’ అయింది. మొదట్లో ‘గాట్’ అన్నది హ్యావ్‌కు ఊతంగా వచ్చి చేరిన మాట. సొంతదనాన్ని చెప్పే హ్యావ్ కూడా ‘ఐవ్’ అని అరిగిపోతుంటే, అర్థం వినబడేలా ఉంచడానికి ‘ఐవ్ గాట్ ఏ కార్’ అని దాన్ని తగిలించారు. ఇప్పుడు ‘వ్’ రాలిపోయి, తప్పనిసరితనం, సొంతదనం రెండూ ‘గాట్’ మీదే పడ్డాయి. అమెరికా పిల్లల నోట ‘డు వియ్ గాట గో?’ అన్న ప్రశ్న వినిపిస్తుంది. ఆ ప్రశ్నలో హ్యావ్ ఉండాల్సిన చోట ‘డు’ వచ్చి కూర్చుంది, అంటే అడిగేవాళ్ళ మనసులోని వాక్యంలో హ్యావ్ అనే క్రియ అసలు లేదు.